దారంలో దాగిన ప్రార్థన

ఓ చిన్న కొక్కెం సూది. ఓ దారపు ఉండ. రెండు చేతులు. లేసు అల్లడానికి ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు. మగ్గం వద్దు, కరెంటు వద్దు, ప్రత్యేకంగా గది కూడా వద్దు. గోదావరి సముద్రంలో కలిసే చోట, నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం వంటలు ముగిశాక ఆడవాళ్లు అరుగుల మీదికి చేరతారు. మాటలు మాటలే, పని పనే. చూపు పక్కింటావిడ మీద ఉన్నా వేళ్లు మాత్రం దారాన్ని లాగుతూ, ముడి వేస్తూ, గొలుసు అల్లుతూనే ఉంటాయి. సాయంత్రానికి ఒళ్లో ఓ తెల్లటి పువ్వు విచ్చుకుంటుంది.

ఆ పువ్వు ఎక్కడో ఐరోపాలోని ఓ భోజనాల బల్ల మీదికి చేరవచ్చు. లేదంటే ఆ ఊరి చర్చిలోనే ప్రభు భోజనపు బల్ల మీద పరిచే గుడ్డకు అంచు కావచ్చు. ఎక్కడికి వెళ్లినా దాని పుట్టుకలో మాత్రం ఓ కథ ఉంది. ఆ కథలో కరువు ఉంది, కరుణ ఉంది, భక్తి ఉంది. కొంచెం అన్యాయమూ ఉంది.

విశ్వాసం అనగానే గుర్తొచ్చేవి గుడి, మసీదు, చర్చి. ఆదివారం ఆరాధనలు, పండుగలు, ప్రసంగాలు. కానీ వారంలో మిగతా ఆరు రోజులూ అది ఎక్కడుంటుంది? తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోకి తొంగిచూస్తే జవాబు దొరుకుతుంది. బియ్యం డబ్బా పక్కన, దారపు ఉండలో, తాటాకు మడతలో, పాత బైబిలు మొదటి పేజీలో... ఇలా చేతికందే చోటల్లా అది ఉంటుంది.

కరువు నేర్పిన కళ

నర్సాపురానికి గుడ్డలతో అనుబంధం లేసుతో మొదలవలేదు. ఒకప్పుడు ఇక్కడి మాధవాయిపాలెంలో నేసిన సన్నటి నూలుబట్ట ఓడలెక్కి విదేశాలకు వెళ్లేది. ఆ ఊరి పేరే తెల్లవాళ్ల నోట్లో నలిగి 'మడపోలం' అయింది. ఇప్పటికీ ఓ రకం నూలుబట్టను ప్రపంచం ఆ పేరుతోనే పిలుస్తోంది. ఇంగ్లండు మిల్లుల బట్ట వచ్చిపడ్డాక మన మగ్గాల సందడి తగ్గింది. దానికి తోడు కరువులు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. గోదావరి జిల్లాలూ ఆ కాలంలో వరసగా దెబ్బలు తిన్నాయి. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. ఆ తర్వాతే డెల్టా పచ్చబడింది.

సరిగ్గా ఆ గడ్డు రోజుల్లోనే మిషనరీలు ఇటువైపు అడుగుపెట్టారు. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లిషువాళ్లు 1836లో భార్యలతో కలిసి వచ్చారు. వాళ్ల పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరు తెచ్చుకుంది. లేసు సంగతికొస్తే, స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారని నర్సాపురం వాళ్లు చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నవాళ్లలో చాలామంది కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడవాళ్లు. పొలంలో పని దొరకని రోజున కూడా ఇంట్లో పొయ్యి వెలగాలి. అదీ ఆలోచన.

ఇది ఒక్క గోదావరి ముచ్చట కాదు. అంతకు ముందే, 1820ల్లో, నాగర్‌కోయిల్లో మార్తా మాల్ట్ అనే మిషనరీ ఇల్లాలు ఆడపిల్లలకు లేసు నేర్పారు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో బానిస కుటుంబాల పిల్లలూ ఉన్నారు. అల్లిక మీద వచ్చిన డబ్బుతో వాళ్లలో కొందరు బానిసత్వం నుంచి విడుదల కొనుక్కున్నారు! అటు ఐర్లండ్‌లో 1840ల్లో బంగాళాదుంప పంట పోయి జనం ఆకలితో అల్లాడినప్పుడు కూడా మఠాల్లోని సన్యాసినులు, చర్చి గురువుల భార్యలు పట్టుకున్నది ఈ సూదినే. క్లోన్స్ అనే ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే గురువుగారి భార్య 1847లో మొదలుపెట్టిన లేసు అల్లిక ఇవాళ్టికీ ఆ ఊరి పేరుతోనే చెలామణి అవుతోంది. ఆకలికి అన్నం పెట్టడం ఒక పద్ధతి. అన్నం సంపాదించుకునే పని నేర్పడం ఇంకో పద్ధతి. దొరసానమ్మలు రెండోదాన్ని ఎంచుకున్నారు.

చేతిపని... అతుకుపని

నర్సాపురం లేసుకు తనదైన భాష ఉంది. దారంతో పువ్వులు, చక్రాలు అల్లడం 'చేతిపని'. అలా వచ్చిన పువ్వుల్ని పక్కపక్కన పేర్చి, ఒకదానితో ఒకటి కలిపి పెద్ద గుడ్డగా మార్చడం 'అతుకుపని'. ఒకావిడ పువ్వులే అల్లుతుంది. ఇంకొకావిడ వాటిని కలుపుతుంది. ఒకే మంచం దుప్పటిలో ఎంతోమంది ఆడవాళ్ల చేతులుంటాయి. ఎవరి పువ్వు ఏదో కొన్నవాళ్లకు తెలీదు. అల్లినవాళ్లకు మాత్రం తమ చెయ్యి తమకు తెలుసు.

పని చూడ్డానికి తేలిక. చెయ్యడం వేరు. దారం బిగువు ఒకేలా ఉండాలి. కాస్త లాగితే పువ్వు ముడుచుకుపోతుంది. కాస్త వదిలితే సాగిపోతుంది. ఒక కన్ను లెక్క తప్పితే తర్వాతి వరస మొత్తం పక్కకు పోతుంది. అప్పుడు దాచిపెట్టే దారి లేదు. తప్పు జరిగిన చోటిదాకా విప్పుకుంటూ వెనక్కి వెళ్లాల్సిందే. "విప్పెయ్యవే అమ్మడూ, మళ్లీ అల్లుదువుగాని. దారం ఎక్కడికీ పోదుగా" అంటుంది మామ్మ. ఆ మాటలో చేతిపని పాఠం ఎంతుందో, జీవితపు పాఠం అంతుంది. తప్పును ఒప్పుకోవడం, వెనక్కి తిరగడం, మళ్లీ మొదలుపెట్టడం... చర్చిలో పశ్చాత్తాపం అని చెప్పేది సరిగ్గా ఇదే కదా.

ఇంకో విశేషం. నేత యంత్రాలు వచ్చాయి, కుట్టు యంత్రాలు వచ్చాయి. చేతి సూదితో అల్లే ఈ క్రోషా లేసును అచ్చంగా అలాగే అల్లి బజారును నింపే యంత్రం మాత్రం రాలేదు. దుకాణాల్లో యంత్రపు లేసుగా దొరికేది వేరే పద్ధతిలో తయారైన పోలిక మాత్రమే. అందుకే ఎంత చిన్న క్రోషా పువ్వయినా సరే, దాని వెనుక తప్పనిసరిగా ఓ మనిషి కూర్చున్న సమయం ఉంటుంది.

ఇప్పుడు లేసు ఒక మతానిదిగా లేదు. మొదట క్రైస్తవ వాడల్లో మొదలైన పని క్రమంగా ఊళ్లోకి పాకింది. గడప దాటి పనికి వెళ్లే ఆనవాయితీ లేని కాపు కుటుంబాల ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో సూది పట్టారు. ఒకరి దగ్గర నుంచి మరొకరు డిజైను చూసి నేర్చుకున్నారు. విశ్వాసం నేర్పిన పని అందరిదీ అయింది. అది మంచిదే.

వడ్రంగి ఇంట పుట్టిన మతం

చేతిపనికీ భక్తికీ ఇంత దగ్గరితనం ఎందుకు? బైబిలు తిరగేస్తే అడుగడుగునా పనివాళ్లే కనిపిస్తారు. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం కట్టాల్సి వచ్చినప్పుడు దేవుడు పేరు పెట్టి పిలిచింది ఓ యోధుణ్ణో, పండితుణ్నో కాదు. బెసలేలు అనే శిల్పిని, అహోలీయాబు అనే అతని తోటి పనివాణ్ని. బంగారం పని, రాతి చెక్కడం, కొయ్య పని, బుటా పని... ఈ నేర్పంతా దేవుని ఆత్మ ఇచ్చిన వరమని ఆ గ్రంథం చెబుతుంది. దారం వడికి తెచ్చిన ఆడవాళ్ల ప్రస్తావన కూడా అక్కడే ఉంది.

యేసును ఊరివాళ్లు గుర్తుపట్టింది వడ్రంగిగానే. చేపలు పట్టేవాళ్లు ఆయన శిష్యులయ్యారు. పౌలు అంతటి బోధకుడు కొరింథు పట్నంలో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట ఉండి, వాళ్లతో కలిసి గుడారాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. సిలువ దగ్గర సైనికులు పంచుకోలేక చీట్లు వేసుకున్నది కుట్టు లేకుండా ఏకంగా నేసిన అంగీ గురించి. అంత ఘోరం రాస్తూ కూడా ఆ సువార్తికుడు ఓ నేతపనివాడి నేర్పును మరిచిపోలేదు.

తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఆడవాళ్లకు అన్నిటికన్నా దగ్గరైన కథ మాత్రం దొర్కాది. యొప్పే అనే రేవు పట్టణంలో ఉండేది. ఆమెకు తబిత అనే పేరూ ఉంది. ప్రసంగాలు చేసినట్టు ఎక్కడా లేదు. చేసిందల్లా బట్టలు కుట్టడం. ఆమె చనిపోయినప్పుడు ఊళ్లోని విధవరాళ్లంతా చేరి ఏడుస్తూ, ఆమె తమకు కుట్టిపెట్టిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు. ఓ మనిషి మంచితనానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? ఇవాళ్టికీ చాలా సంఘాల్లో స్త్రీల కుట్టుపని బృందాలకు దొర్కా పేరు పెట్టుకుంటారు. పిల్లలకు పేరుగానూ పెట్టుకుంటారు.

పిడికెడు బియ్యం

దారం తర్వాత బియ్యం. చాలా తెలుగు సంఘాల్లో ఉన్న ఓ పాత అలవాటు ఇది. వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు, ఇల్లాలు అందులోంచి ఓ పిడికెడు తీసి పక్కన ఉన్న కుండలోనో, డబ్బాలోనో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరుతుంది. వాటిని అమ్మగా వచ్చిన డబ్బు సంఘం అవసరాలకో, ఊళ్లో లేనివాళ్లకో వెళ్తుంది.

చేతిలో డబ్బు ఆడని ఇంట్లో కానుక ఎలా వేయాలి? ఆ చిక్కుకు ఆడవాళ్లు కనిపెట్టిన జవాబు ఇది. ఇంట్లో నలుగురు తినే అన్నంలో ఓ పిడికెడు తగ్గితే ఎవరికీ ఆకలి మిగలదు. ఊళ్లో యాభై ఇళ్ల పిడికిళ్లు కలిస్తే ఓ కుటుంబం బతుకుతుంది. మిజోరంలో ఇదే పద్ధతిని 1910లో చర్చి స్త్రీలు మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ ఏటా పిడికెడు బియ్యంతోనే కోట్ల రూపాయలు పోగవుతాయి.

ఈ అలవాటులో గొప్ప సంగతి డబ్బు కాదు. రోజూ అన్నం వండే ప్రతిసారీ, లేనివాళ్లు గుర్తుకు రావడం. పక్కన నిలబడి చూసే పిల్లకు 'దానం చెయ్యాలి' అని వేరే పాఠం అక్కర్లేదు. "ఈపూట పిడికెడు తీశావా అమ్మా?" అని ఆ పిల్లే అడుగుతుంది. గ్యాసు పొయ్యిలు, రైసు కుక్కర్లు వచ్చాక కొన్ని ఇళ్లలో డబ్బా పోయి కవరు వచ్చింది. నెలకోసారి నోటు పెట్టి ఇవ్వడం సులువే. కానీ రోజుకు రెండుసార్లు గుర్తుచేసే పని ఆ కవరు వల్ల అవుతుందా అన్నది ఆలోచించాల్సిన విషయం.

కోతల కాలంలో జరిగే కృతజ్ఞత పండుగదీ అదే దారి. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కోళ్లు... ఇంట్లో పండినవి, పెరిగినవి చర్చికి చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం. ఒక సొరకాయ కోసం ఇద్దరు పెద్దమనుషులు పోటీపడి పాట పెంచుతుంటే పిల్లలకు అదో వినోదం. పెద్దలకు మాత్రం అది పొలానికీ ప్రార్థనకూ మధ్య వేసిన ముడి.

తాటాకు, వెదురుబద్ద, బంగారు పూస

పండుగలు వచ్చాయంటే ఇంట్లో ప్రతి చేతికీ పని. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు తాటాకులు, ఈతాకులు, కొబ్బరి మట్టలు ఇంటికి వస్తాయి. లేత ఆకును చీల్చి, మడిచి, ముడివేసి సిలువ చేయడం తాత మనవడికి నేర్పే తొలి చేతిపని. ఆ సిలువలు గుమ్మానికో, దేవుని వాక్యపు పటానికో తగిలిస్తారు. ఎండి గలగలలాడేదాకా అక్కడే ఉంటాయి. కొన్ని సంఘాల్లో మరుసటి ఏడాది భస్మ బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద ఆ పాత మట్టల్ని కాల్చి తీసిందే. పోయిన ఏటి సంబరం ఈ ఏటి ఉపవాసానికి బూడిద అవుతుంది.

క్రిస్మస్ వస్తే నక్షత్రం. ఇప్పుడు బజారులో మెరుపు కాగితాల నక్షత్రాలు, బల్బుల నక్షత్రాలు కొల్లలు. ఒకప్పుడు వెదురు బద్దలు చెక్కి, ఐదు కోణాలు కట్టి, రంగుల పల్చటి కాగితం మైదాపిండి జిగురుతో అంటించి, లోపల దీపం పెట్టేవారు. జర్మనీలో మొరేవియన్ సంఘం వాళ్ల బడిలో 1830ల్లో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి కాగితపు నక్షత్రాలు చేయించారట. అవి ఇళ్లకు పాకి, 1897 నుంచి అమ్మకానికీ వచ్చాయి. హెర్న్‌హుట్ నక్షత్రం పేరుతో ఇప్పటికీ దొరుకుతాయి. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రం పిల్లలకు లెక్కలు కూడా నేర్పిందన్నమాట! మన ఇళ్లలోనూ బద్ద సరిగ్గా కొలవకపోతే నక్షత్రం ఒకవైపు ఒరిగేది. అన్నదమ్ములిద్దరూ దెబ్బలాడుకునేవారు. ఆఖరికి నాన్న వచ్చి సర్దేవాడు.

వంటింట్లో అరిసెలు, జంతికలు, పోకుండలు. పాకం పట్టే పెద్దావిడ పక్కింటి హిందూ ఇల్లాలయినా ఆశ్చర్యం లేదు. సంక్రాంతికి ఈమె వెళ్లి సాయం పట్టింది కాబట్టి క్రిస్మస్‌కు ఆమె వస్తుంది. వాకిట్లో ముగ్గుకూ ఆ పూట నక్షత్రం ఆకారం వస్తుంది.

పెళ్లిలోనూ అంతే. చాలా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఉంగరంతో పాటు తాళీ ఉంటుంది. తాళిబొట్టు మీద సిలువ గుర్తో, పావురమో ఉంటుంది. దాన్ని చేసేది ఊరి కంసాలే. తన ఇంట్లో వేరే దేవుణ్ని కొలిచే ఆ పనివాడు, ఈ ఇంటి సిలువను అంతే శ్రద్ధగా చెక్కుతాడు. పెద్ద కట్టడాల్లోనూ ఈ కలయిక కనిపిస్తుంది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్.అజరయ్య ఆధ్వర్యంలో వెలసి 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెతీడ్రల్‌లో గుమ్మటాలూ ఉన్నాయి, మండపాలను తలపించే స్తంభాలూ ఉన్నాయి. విశ్వాసం ఎక్కడి నుంచి వచ్చినా చేతులు మాత్రం ఈ మట్టివే.

రాగం, తాళం, కుటుంబ ప్రార్థన

లేసు అల్లేటప్పుడు కళ్లు, చేతులు పనిలో ఉంటాయి. నోరు ఖాళీ. అందుకే పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. తొలితరం కీర్తనకారుల్లో ప్రముఖుడు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన ఆయన, క్రైస్తవ భక్తిని తెలుగువాళ్ల చెవికి అలవాటైన బాణీల్లో కూర్చారు. చదువు రాని మామ్మలకు సైతం చరణాలకు చరణాలు కంఠతా రావడానికి కారణం అదే. పుస్తకం చేత్తో పట్టుకునే అవసరం లేకపోతే ఆ చేత్తో సూది పట్టుకోవచ్చు!

సాయంత్రం కుటుంబ ప్రార్థన. ఓ పాట, ఓ అధ్యాయం, ఓ ప్రార్థన. చదవడం నేర్చిన పిల్లకు మొదట వచనం చదివే అవకాశం. తడబడితే తాత సరిదిద్దుతాడు. చాలా ఇళ్లలో ఆడపిల్లకు అక్షరాలు పట్టుబడింది అలాగే. ఇంటి పెద్ద బైబిల్లో మొదటి ఖాళీ పేజీల మీద పుట్టిన తేదీలు, బాప్తిస్మం తేదీలు, పెళ్లిళ్లు, చావులు వరసగా రాసుంటాయి. సిరా రంగు మారుతుంది, చేతిరాత మారుతుంది. వంశం సాగుతుంది. ఏ ఆఫీసు రికార్డు దొరక్కపోయినా ఆ పేజీ దొరుకుతుంది.

మరి కూలి మాటేమిటి?

ఇంతవరకూ చెప్పింది అందమైన సగం. రెండో సగం కూడా చెప్పుకోవాలి.

జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతానికి వచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగారు. ఆమె రాసిన పుస్తకం 1982లో వెలువడి ప్రపంచమంతా చదివింది. ఆమె తేల్చిన సంగతి ఒక్కటే. ఈ ఆడవాళ్లు రోజుకు ఆరేడు గంటలు లేసు మీదే కూర్చుంటున్నారు. ఇల్లు, పిల్లలు, వంట దీనికి అదనం. వాళ్లు అల్లిన సరుకు విదేశాలకు వెళ్తోంది. అయినా వాళ్లను ఎవరూ కార్మికులు అనడం లేదు. 'ఇంట్లో ఖాళీగా కూర్చునే బదులు చేసుకునే పని' అంటున్నారు. తీరిక వేళ పని అనే ఒక్క మాట వల్ల కూలి అడుగున ఉండిపోయింది.

దారం ఇచ్చేది వ్యాపారి. ఇళ్లకు తెచ్చేది ఏజెంటు. అల్లిన సరుకు తీసుకెళ్లేదీ ఏజెంటే. పువ్వులు అల్లినావిడకు వాటిని అతికినావిడ తెలీదు. అతికినావిడకు కొన్నవాళ్లు తెలీరు. ఆఖరి ధర ఎంతో అల్లినవాళ్లకు తెలిసే దారే లేదు. ఆకలి తీర్చడానికి దయతో నేర్పిన పని, వ్యాపారం అయ్యాక దయను మరిచిపోయింది. దానికి తోడు మెడ నొప్పి, కళ్ల మంట, చూపు మందగించడం... ఇవేవీ బిల్లులో కనిపించవు.

అందుకే కూతుళ్లు సూది పట్టడం లేదు. రొయ్యల షెడ్డులోనో, పట్నంలో దుకాణంలోనో నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం ముందు పువ్వుకు ఇంత అన్న లెక్క తేలిపోతుంది. "చదువుకున్నది మళ్లీ ఈ దారం లాగడానికా?" అని తల్లులే అంటున్నారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు.

విశ్వాసం గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ తప్పించుకోలేరు. ఎందుకంటే ఏ గ్రంథం చేతిపనిని వరమని చెప్పిందో, కూలి గురించి కూడా ఆ గ్రంథమే గట్టిగా చెప్పింది. కూలివాడి జీతాన్ని తెల్లవారేదాకా దగ్గర పెట్టుకోవద్దని లేవీయకాండం ఆజ్ఞ. పేదవాడు దాని మీదే ఆశ పెట్టుకుంటాడు కాబట్టి పొద్దుగూకేలోపే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం. ఎగ్గొట్టిన కూలి తానే నోరు తెరిచి మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవిన పడుతుందని యాకోబు పత్రిక. ప్రభు భోజనపు బల్ల మీద పరిచే తెల్లటి లేసు గుడ్డకు ఈ ప్రశ్న కూడా వర్తిస్తుంది. దాన్ని అల్లినావిడకు ఎంత ముట్టింది?

పేరు వచ్చింది... ఫలం రావాలి

మంచి కబుర్లూ ఉన్నాయి. ఆడవాళ్లు సంఘాలుగా ఏర్పడి, తామే దారం కొని, తామే అమ్ముకునే ప్రయత్నాలు జరుగుతున్నాయి. నర్సాపురం పక్కన సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. నర్సాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ పేరు ఇక చట్టప్రకారం ఆ ప్రాంతపు చేతి అల్లికదే. వేరేచోట యంత్రం మీద చేసిన సరుకును నర్సాపురం లేసని అమ్మడం కుదరదు. కానీ పేరు కాపాడినంత మాత్రాన చెయ్యి నిలవదు. చెయ్యి నిలవాలంటే కూలి గిట్టాలి.

ఇందులో కొనేవాళ్ల వంతూ ఉంది. బేరం ఆడేముందు ఒక్కసారి ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తే చాలు. ఎన్ని పువ్వులు, ఒక్కో పువ్వుకు ఎన్ని వరసలు, ఒక్కో వరసకు ఎన్ని ముడులు... లెక్కపెట్టడం మొదలుపెడితే బేరమాడే నోరు తనంతట తనే మూతపడుతుంది. వీలైతే అల్లేవాళ్ల సంఘం దగ్గరే కొనడం ఇంకా మేలు.

సంఘాల వంతూ ఉంది. చర్చికి కావలసిన బల్లగుడ్డలు, తెరలు, పిల్లల బాప్తిస్మపు తెల్ల గౌన్లు బజారులో యంత్రపు సరుకు కొనకుండా, తమ సంఘంలోని ఆడవాళ్ల చేతే అల్లించి సరైన కూలి ఇస్తే, అది ఆదివారం కానుకకు ఏమాత్రం తీసిపోదు.

ఇక ఇంటి వంతు. పాత డిజైన్లు పుస్తకాల్లో కన్నా మామ్మల వేళ్లలోనే ఎక్కువ ఉన్నాయి. నమూనా కోసం దాచుకున్న ఓ చిన్న ముక్క ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. దాన్ని ఎలా అల్లాలో అడిగి నేర్చుకోవడానికి పదో తరగతి సెలవులు చాలు. పొట్టకూటి కోసమే నేర్చుకోనక్కర్లేదు. తాటాకు సిలువా అంతే, పిడికెడు బియ్యమూ అంతే, వెదురు నక్షత్రమూ అంతే. ఇవేవీ ఉపన్యాసాలతో ఒక తరం నుంచి మరో తరానికి రావు. పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పితేనే వస్తాయి.

క్రైస్తవులే కాదు, ఏ ఇంటివాళ్లయినా తమ ఇంట్లో ఇలాంటిదొకటి ఉందేమో వెతుక్కోవచ్చు. అట్లతద్దికి అమ్మ చేసే ఓ పద్ధతి, రంజానుకు నానమ్మ కుట్టే ఓ టోపీ, దసరాకు తాత తయారుచేసే ఓ బొమ్మ. నేర్పేవాళ్లు ఉన్నప్పుడే నేర్చుకోవాలి. దారం తెగితే ముడి వేసుకోవచ్చు. చెయ్యి జారిపోతే మాత్రం దాన్ని అతికే అతుకుపని ఎవరికీ రాదు.